నల్లరాతి పొరల నడుమ సరోవరములు

దేశచరిత్రమునకు శాసనములు, నాణెములు, తాళపత్రములు, కైఫీయతులు సాధనములని మనము చిరకాలముగా నమ్మియున్నాము. వీని కన్నిటికిని ఒక సమానధర్మము కలదు. ఇవి యన్నియు మనుష్యుడు బుద్ధిపూర్వకముగా విడిచిపోయినవి. శాసనము వ్రాయించినవానికి కీర్తికాంక్ష యున్నది. కైఫీయతు చెప్పినవానికి తన భూమిమీది హక్కు నిలుపుకొనవలెనను కోరిక యున్నది. ఆ కోరికను తీసివైచి, మిగిలిన సత్యమును గ్రహించుటయే పరిశోధకుని శ్రమ. మనుష్యుడు పుట్టక పూర్వము మన దేశ మెట్లుండెనను ప్రశ్నకు ఇట్టి సాధనము లేవియు లేవు. అచ్చట సాక్ష్యము పలుకునవి ఏ యుద్దేశమును లేక పడిపోయిన వస్తువులు. వానిలో మిక్కిలి చిన్నదానిని గూర్చి యీ వ్యాసమున వ్రాయదలచితిని. వ్యాకరణము చదివినవానికి శిలలతో నేమి పనియని యడుగువారుందురు. ఈ సాక్ష్యమును శాస్త్రజ్ఞులు విచారించు పద్ధతి మన శాస్త్రములలోని విచారపద్ధతికి ఎంత సమీపమో చూచినచో ఆ శంక తానే తొలగును.

హైదరాబాదు పాతబస్తీ నిలిచియున్న నేల యంతయు గ్రానైటు శిల. 1591లో చార్మినారు కట్టినవారి పునాదుల క్రిందనున్న యీ రాయి సుమారు 250 కోట్ల ఏండ్లనాటిది. భూగర్భమున ద్రవరూపముననుండి మెల్లమెల్లగా గట్టిపడిన దగుటచే దీనిలో జీవముల జాడలుండవు. కాని యా బస్తీ ప్రక్కను పారు మూసీ, పండితులు ముచుకుంద యని వ్యవహరించునది, పడమట వికారాబాదు దాపున అనంతగిరి కొండలలో పుట్టుచున్నది. ఆ ప్రాంతమున గ్రానైటు మరుగుపడి నల్లరాయి కానవచ్చును. ఇదియే బసాల్టు. మహారాష్ట్రమంతయు వ్యాపించి, మన వికారాబాదు, నిర్మల, ఆసిఫాబాదు సీమలలోనికి చొచ్చుకొనివచ్చిన యీ శిలారాశికి దక్కను ట్రాపు అని శాస్త్రజ్ఞుల వ్యవహారము. ట్రాపు అను పదము మెట్టు అను అర్థముగల స్వీడను భాషాపదమునుండి వచ్చినది. కొండప్రక్కలు మెట్లుమెట్లుగా కానవచ్చుటచే ఆ పేరు కలిగినది. నేటికి మిగిలిన భాగమే సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. 6 కోట్ల 60 లక్షల ఏండ్లకు పూర్వము భూమి చీలికలనుండి లావా పలుమారులు వెలువడి, పొరపై పొరగా పరచుకొని యిట్లైనది.

ఇచ్చట గమనింపవలసినది "పలుమారులు" అను మాట. ఒక ప్రవాహమునకును మరియొక ప్రవాహమునకును నడుమ దీర్ఘమైన విరామములుండెను. ఆ విరామములలో వాన కురిసెను. రాయి చివికి మన్నయ్యెను. లావా అడ్డుపడిన పల్లములలో నీరు నిలిచెను. ఆ నీటిలో నాచు పుట్టెను, నత్తలు పాకెను, చేపలు తిరిగెను. పిమ్మట మరియొక లావాప్రవాహము వచ్చి ఆ మడుగును, దాని యడుగు బురదను కప్పివైచెను. బురద రాయియైపోయెను. ఇట్లు రెండు నల్లరాతి పొరల నడుమ చిక్కిన సన్నని పొరలు, పలుచోట్ల కొన్ని యడుగుల మందమే గలవి, నేటికిని కానవచ్చుచున్నవి. వానిని నడిమి పొరలని యీ వ్యాసమున వ్యవహరింతును.

ఈ నడిమి పొరలను గమనించినవారిలో మొదటివారు వైద్యులు. లాంబ్టను దొర త్రికోణమితి సర్వేలో వైద్యుడుగాను భూతత్త్వజ్ఞుడుగాను పనిచేసి 1824లో మరణించిన హెన్రీ వాయిసీ ట్రాపు కొండలలో రాయిగా మారిన గుల్లలను చూచి వ్రాసినవారిలో ప్రథముడు. ఆ తరువాత మద్రాసు సైన్యపు వైద్యుడు జాన్ గ్రాంటు మాల్కంసను హైదరాబాదు నాగపురముల నడుమ ప్రయాణము చేయుచు నిర్మల ప్రాంతపు కొండలలో నడిమి పొరల రాళ్లను సేకరించెను. ఆంగ్లగ్రంథములలో వీనికి సిచెల్ కొండలని పేరు. మాల్కంసను వ్యాసము 1840లో లండను భూగర్భశాస్త్ర పరిషత్తు సంపుటములో అచ్చుపడినది. ఆ రాళ్లలోని జీవావశేషములకు పేరులు పెట్టి వర్ణించినవాడు జేమ్సు డి కార్ల్ సోవర్బీ. అందొక నత్త ప్రిన్సెప్ నామమును ధరించినది. 1837 నాటికి అశోకుని బ్రాహ్మీలిపిని చదివి మన ప్రాచీనచరిత్రమునకు ద్వారము తెరచిన ప్రిన్సెప్ పేరు తెలుగునాటి యొక శిలానత్తకు గలదని శాసనపరిశోధకులలో పెక్కురెరుగరు. నీటిలో మొలచు కారా యను నాచుజాతి మొక్క కాయకు మాల్కంసను పేరే పెట్టబడినది. వీనితోపాటు సోవర్బీ రెండు మిక్కిలి చిన్న ప్రాణులను వర్ణించెను. అవి సైప్రిస్ సిలిండ్రికా, సైప్రిస్ సబ్‌గ్లోబోసా. మొదటిది స్తంభాకారము, రెండవది ఇంచుమించు గోళాకారము అని యా లాటిను విశేషణముల యర్థము. దక్కను నడిమి పొరలలోని యీ జాతి ప్రాణులను గూర్చిన మొదటి వర్ణన మిదియే. అనగా ఆ విద్య మన దేశమున నిర్మల కొండలతో ప్రారంభమైనది.

ఈ ప్రాణిజాతికి ఆస్ట్రకోడులని పేరు. గ్రీకు భాషలో ఓస్ట్రకోన్ అనగా పెంకు. ఆ పదము కుండపెంకునకును జంతువు పైపెంకునకును గూడ చెల్లును. మన తెలుగున పెంకు అను మాటయు అట్లే కుండకును, గ్రుడ్డునకును, ఇంటికప్పునకును చెల్లుచున్నది. దూరదేశముల భాషలు రెండు ఒకే త్రోవ నడచుట వింతయే. ఆస్ట్రకోడు రొయ్యలకును పీతలకును దూరపు చుట్టము. చూచుటకు మాత్రము రొయ్యవలె నుండదు. ఆల్చిప్పవలె రెండు చిప్పలు వీపువైపున కీలుతో కూడియుండును. వాని నడుమ ఒడలు, కాళ్లు, మీసములు ముడుచుకొని యుండును. మంచినీటి జాతులలో పెక్కింటి పొడవు అర మిల్లీమీటరు మొదలు రెండు మిల్లీమీటర్ల వరకు. గసగసాల గింజయంత కొన్ని, ఆవగింజయంత కొన్ని. వరిమళ్లలో నిలిచిన నీటిని దోసిట పట్టి వెలుతురున చూచినచో చుక్కలవలె చురుకుగా తిరుగు ప్రాణులలో ఇవియు నుండును. రైతు వీనిని రోజును త్రొక్కుచునే యుండును.

ఈ ప్రాణి చిప్పలు సున్నపుపదార్థముతో నేర్పడును. అవి ఒడలితోపాటు పెరుగవు. కాబట్టి పాము కుబుసమును విడిచినట్లు ఆస్ట్రకోడు చిప్పలను విడిచి క్రొత్తవానిని కట్టుకొనును. సాధారణముగా ఎనిమిది మారులు విడిచి తొమ్మిదవ దశలో ప్రౌఢమగును. ఒక్క ప్రాణి తన జీవితమున తొమ్మిది జతల చిప్పలను బురదలో విడిచిపోవునన్నమాట. క్రొత్త చిప్పలను కట్టుకొనుటకు కావలసిన సున్నమును చుట్టునున్న నీటినుండియే కొన్ని గంటలలో, కొన్ని దినములలో గ్రహించును. అందువలన ఆ దినములలో నీరెట్టిదో చిప్పయు అట్టిదే యగును. ఉప్పు హెచ్చినదా తగ్గినదా, వేడిదా చల్లనిదా అను సంగతులు చిప్పలోని మెగ్నీషియము, స్ట్రాంషియము అను ధాతువుల పాళ్లలోను, ఆక్సిజను భేదములలోను నిలిచిపోవును. 1980 తరువాతి దశకములో ఆస్ట్రేలియాలో చివాస్, డి డెక్కరు మొదలగువారు ఈ ధాతువుల పాళ్లను కొలుచు పద్ధతిని స్థిరపరచిరి. ఆక్సిజను సంగతి సులభముగా తెలియును. తేలిక ఆక్సిజనుగల నీరు ముందుగా ఆవిరియై పోవును, బరువైనది వెనుక మిగులును. వెలుపలికి త్రోవలేని చెరువు ఎండకొలది బరువైన నీటితో నిండును. ఆ నీటిలో కట్టుకొన్న చిప్పలో బరువైన ఆక్సిజను హెచ్చుగా నుండును. ఇట్లు ఒక చిప్ప యెండకాలపు లెక్కను తనలో దాచుకొనును.

ఇక విచారపద్ధతి. పాణినీయమున జ్ఞాపకమను సాధనము కలదు. సూత్రములో ఒక పదము వ్యర్థమని తోచినపుడు, ఆచార్యుడు ప్రయోజనము లేక యేదియు ఉచ్చరింపడను విశ్వాసముతో, ఆ వ్యర్థమైన పదమే ఎచ్చటను చెప్పబడని యొక పరిభాషను జ్ఞాపింప జేయుచున్నదని వైయాకరణులు నిర్ణయింతురు. దానికి నాలుగంగములు: వైయర్థ్యము, జ్ఞాపనము, స్వాంశమున చరితార్థత, అన్యత్ర ఫలము. నిర్మల కొండల చిప్పలను ఈ నాలుగింటితో చూడుడు. అగ్నిమయమైన లావా రాశిలో నీటిప్రాణి చిప్ప యుండుట లావా మాత్రమే యుండెనన్నచో వ్యర్థము, అసంగతము. అది యచ్చట నీరుండెనని జ్ఞాపించుచున్నది. నీరుండెనని యొప్పుకొన్న వెంటనే చిప్ప యునికి చరితార్థమగుచున్నది. అన్యత్ర ఫలమేమనగా, రెండు ప్రవాహముల నడుమ ప్రాణులు వచ్చి, పెరిగి, తరతరములు చిప్పలను విడుచునంత కాలము గడచెనని తేలుట. లావా యెడతెగక ప్రవహించెననువారి మతము దీనితో నిలువదు. జ్ఞాపకముచే సిద్ధించినది అన్నిచోట్లను వర్తింపదని వైయాకరణులు చేసిన హెచ్చరికను గూడ ఇచ్చట మరువరాదు. నిర్మలయందు ఒక మడుగుండినంత మాత్రమున దక్కనంతయు ఒకే మహాసరస్సని చెప్పరాదు. అవి వేరువేరు కాలములందు వేరువేరు పల్లములలో నిలిచిన నీళ్లు.

చిప్పయున్నచో నీరుండెనను వ్యాప్తి నేటి ప్రాణులను చూచి యేర్పరచుకొన్నది. ఏ జాతి నిలుకడ చెరువునందు, ఏ జాతి ఎండిపోవు గుంటలందు, ఏ జాతి ఉప్పుకయ్యలందు బ్రతుకునో జీవించియున్న వానిని పరీక్షించి పట్టికలు వ్రాసికొని, దానిని గతించినవానిమీద ప్రయోగింతురు. సైప్రిడిడే యను కుటుంబపు జాతులు ఎండినను చావని గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు గాలిచేతను పక్షుల కాళ్ల బురదచేతను వ్యాపించును. పెక్కింటికి మగవాని యపేక్షయే లేదు. నడిమి పొరలలో ఈ కుటుంబమువే ప్రధానముగా కనబడుచున్నవి. కాబట్టి ఆ మడుగులలో పెక్కు కొలదికాలము నిలిచి యెండిపోవునవియై యుండునని శాస్త్రజ్ఞుల యనుమానము. ఇట్టి యనుమానమునకు హేతుదోషములు రాకుండ కాపాడుకొనుట కష్టము. అందు రెంటిని మాత్రము చెప్పెదను.

మొదటిది స్థానదోషము. చిప్ప దొరకినచోటనే ప్రాణి బ్రతికెనా, లేక వాగు వేరొకచోటినుండి కొట్టుకొని తెచ్చినదా? మన తాళపత్రములలో ప్రక్షిప్తశ్లోకములవంటి చిక్కిది. దీనికి మంచి పరీక్ష కలదు. ప్రాణి అచ్చటనే బ్రతికినచో తొమ్మిది దశల చిప్పలును, అతిసూక్ష్మములనుండి ప్రౌఢములవరకు, కలిసి దొరకును. ప్రవాహము తెచ్చినచో నీరు వానిని జల్లెడపట్టినట్లు వేరుచేయును. ఒకే పరిమాణముగల చిప్పలు ఒకచోట చేరును. రెండు చిప్పలును కీలు విడువక మూసికొనియే దొరకినచో త్వరగా బురదలో పూడెనని మరియొక గుర్తు. నిజము చెప్పవలెనన్న, మన గ్రంథపరిష్కర్తల చేతిలో ప్రక్షిప్తములకు ఇంత నిక్కచ్చియైన పరీక్ష లేదు.

రెండవది శబ్దదోషము. ఇది నాకు మిక్కిలి రుచించినది. సోవర్బీ 1840లో నిర్మల కొండల శిలాచిప్పకు పెట్టిన సైప్రిస్ సబ్‌గ్లోబోసా అను పేరే తరువాత మన దేశపు చెరువులలోను మళ్లలోను జీవించుచున్న యొక ఆస్ట్రకోడునకు గూడ వాడుకయైనది. నేటికిని ఆ ప్రాణిని ఆ పేరితోనే పిలుతురు. 6 కోట్ల 60 లక్షల ఏండ్లనాటి రాతిలోనిదానికి, నిన్నటి నీటిలోనిదానికి ఒక్కటే నామము. ఇది చూచి, ఆ ప్రాణి మార్పు లేక నేటివరకు వచ్చినదని తలచుట సులభము. కాని బ్రతికియున్న ఆస్ట్రకోడు జాతిని నిర్ణయించుటకు శాస్త్రజ్ఞులు కాళ్లు, మీసములు మొదలగు మెత్తని యవయవములను చూతురు. రాతిలో నవి మిగులవు. చిప్ప మాత్రమే మిగులును. గుండ్రని నున్నని చిప్పలు పలుజాతులకు సామాన్యము. శబ్దసామ్యము అర్థసామ్యమునకు సాధకము కాదని నానార్థనిఘంటువు తిరుగవేసిన బాలుడును ఎరుగును. అయినను ఆ రెండు నామములును చాలకాలము పలువురి చేతిలో మూటలవలె నుండెను. దక్కనులో నెచ్చట గుండ్రని చిప్ప దొరకినను సబ్‌గ్లోబోసా యనియు, పొడుగాటి చిప్ప దొరకినను సిలిండ్రికా యనియు వ్రాయుట సంభవించెను. మూటలోని సరుకును విప్పి వేరుపరచు పని యిరువదవ శతాబ్ది చివరను, ఇరువదియొకటవ శతాబ్ది మొదటను జరిగెను.

ఈ మూట యెందుకు బాధించెనో తెలియుటకు కాలనిర్ణయవివాదమును కొంత చెప్పవలెను. నాగపురమున మిషనరీగానుండిన స్టీఫెన్ హిస్లాప్ నడిమి పొరల గుల్లలను శ్రద్ధతో ప్రోగుచేసి 1860లో పెద్ద వ్యాసము ప్రకటించెను. అందలి ఆస్ట్రకోడులను రూపర్టు జోన్సు పరిశీలించెను. హిస్లాప్ గోండుల పాటలను, పదములను గూడ సేకరించినవాడు. 1863లో వాగు దాటుచు మునిగి మరణింపగా రిచర్డు టెంపుల్ ఆ కాగితములను 1866లో అచ్చువేయించెను. భాషాపరిశోధకులకు ఆయన ఆ విధమున పరిచితుడే. ఆయన యీ పొరలను తృతీయయుగమునకు, అనగా రాక్షసబల్లులు నశించిన తరువాతి కాలమునకు చేర్చెను. 1934లో బీర్బల్ సాహ్నీ పండితుడు వృక్షావశేషముల నాధారముగా గొని ఆ పక్షమునే సమర్థించెను. గోదావరీతీరమున రాజమహేంద్రవరము వద్ద కాతేరులోని నడిమి పొరయు ఆ వాదమున ముఖ్యసాక్షి. 1930 తరువాతి దశకములో ఎస్. ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు అచ్చట ఫొరామినిఫెరా యను సముద్రపు సూక్ష్మప్రాణులను కనుగొనిరి. నిర్మలనాటి నీరు మంచినీరు. కాతేరునాటి నీటికి సముద్రపు పొత్తు గలదు. పడమటి కనుమలవైపు పుట్టిన లావా ప్రాచీననదీలోయలవెంట తూర్పుగా ప్రవహించి సముద్రతీరము చేరినదని నేటి శాస్త్రజ్ఞుల మతము. ఒకే కథకు రెండు కొనలు తెలుగునాటనే యుండుట గమనింపదగినది.

సాహ్నీవంటి ప్రాజ్ఞుని పక్షమును త్రిప్పివైచినవి పెద్ద యెముకలు కావు. మూసీ పుట్టుచోటికి సమీపమున, వికారాబాదు సీమలోని నస్కల్ గ్రామపు నడిమి పొర మట్టిని నీట నానవైచి, సన్నని జల్లెడలపై కడిగి, మిగిలిన యిసుకను భూతద్దము క్రింద గింజగింజగా వెదకగా, 1988లో జి. వి. ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్నీ అను విద్వాంసులు పుట్టెడు యిసుకలో కొన్ని పంటి ముక్కలను కనుగొనిరి. అది భారతదేశమున దొరకిన మొదటి క్రెటేషియస్ యుగపు క్షీరదము. దక్కను పేరును, హిస్లాప్ పేరును కలిపి దానికి డెక్కనోలెస్టీస్ హిస్లోపై అని నామకరణము చేసిరి. తన మతమును ఖండించిన సాక్ష్యమునకు తన పేరే పెట్టబడుట హిస్లాపునకు దక్కిన విచిత్రమైన గౌరవము. 1990లో ఎస్. బి. భాటియా, ప్రసాద్, ఆర్. ఎస్. రాణా ఆస్ట్రకోడులనే హేతువుగా గొని దక్కను లావా క్రెటేషియస్ చివరిదని వాదించిరి. సోవర్బీ నామముల మూటలు విప్పబడకున్నచో ఆ వాదమునకు అవకాశమే లేదు. అన్ని పొరలును ఆ యుగమువే యని దీనిచే చెప్పరాదు. 2008లో గెర్టా కెల్లరును ఆమె సహచరులును రాజమహేంద్రవరపు రాతిగనులలోని నడిమి పొర క్రెటేషియసునకు తరువాతిదగు డేనియన్ యుగారంభమునకు చెందినదని ఫొరామినిఫెరాల సాక్ష్యముచే చూపిరి. కాబట్టి కాతేరు విషయమున హిస్లాపును సాహ్నీయు పూర్తిగా ఓడిపోయిరనరాదు. యుగసంధి ఆ కొండల నడుమ నెచ్చటనో దాటిపోయినది.

రాబిన్ వాట్లీ, సునీల్ బాజ్‌పాయి అనువారు 2000 ప్రాంతమున మొదలిడి దక్కను పొరల ఆస్ట్రకోడులను పెక్కు వ్యాసములలో క్రొత్తగా వర్ణించిరి. వారు చూపిన విశేషము: ఆ జాతులలో అత్యధికభాగము మన దేశమునకే పరిమితములు, ఇతరఖండములందు కానరావు. ఆ కాలమున భారతఖండము ఆఫ్రికానుండి, మడగాస్కరునుండి విడిపోయి, ఆసియాను చేరక, సముద్రమున ఏకాకిగా తేలుచుండెను. ఆ యేకాంతమునకు ఈ చిప్పలు సాక్షులని వారి యభిప్రాయము. గాలికి ఎగిరిపోగల గ్రుడ్లున్న ప్రాణులే యిట్లు పరిమితములైనవన్న సముద్రపు దూరమెంత యుండెనో యూహింపవచ్చును. ఆసిఫాబాదు నడిమి పొరలో దొరకిన ఇగ్డబాటిస్ అను టేకుచేప పండ్లను బట్టి సముద్రము దగ్గరకు వచ్చెనని కొందరు తలచిరి. టేకుచేపలలో నదులవెంట లోనికి వచ్చునవియు కలవు కనుక ఆ హేతువును నేను అనైకాంతికమనియే తలంతును. చేప ఈదును; బురదలో బ్రతికి బురదలో చిప్పలు విడిచిన ఆస్ట్రకోడు ఆ నీటి సంగతినే చెప్పును.

ఇంతవరకు చెప్పినది అతిప్రాచీనము. మన పరిషత్సభ్యులకు సన్నిహితమైన కాలమునకు గూడ ఈ విద్య పనికివచ్చును. కాకతీయులనాటి చెరువులు తెలంగాణమున నేటికిని నిలిచియున్నవి. రామప్ప గుడి శాసనము 1213 నాటిది. చెరువును ఎవరు త్రవ్వించిరో, ఏ దేవునికి ఏ మాన్యమిచ్చిరో శాసనము చెప్పును. ఏ యేడు చెరువు నిండెను, ఏ దశాబ్దమున ఎండి నెరియలు విచ్చెను, నీరు ఎప్పుడు చవుడుబారెను అను సంగతులను శాసనము చెప్పదు, దాత చెప్పించుకొనడు. అది చెరువుగర్భపు పూడికలో, పొరపొరగా, ఆస్ట్రకోడు చిప్పలలో వ్రాయబడి యుండవచ్చును. క్షామములను గూర్చి మనము చాటువులను, జనశ్రుతులను నమ్ముకొనియున్నాము. ఈ రెండవ సాక్షిని పిలిచినవారరుదు.

పిలుచుటకు ముందే సాక్షి తరలిపోవుచున్నాడు. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ యను కార్యమును ప్రారంభించి 46 వేలకు పైగా చెరువులను బాగుచేయ సంకల్పించెను. పూడికను తీసి బండ్లపై పొలములకు తోలిరి. రైతునకు అది మేలు. ఒండ్రుమన్ను పైరునకు బలము. చెరువున నీరు పట్టును. దానిని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. చెరువు చెరువుగా నుండవలెనన్న పూడిక తీయవలసినదే, కాకతీయులును తీయించియుందురు. కాని యొక్కొక్క తాలూకాలో ఒక్క ప్రాచీనతటాకము గర్భమునుండియైనను, త్రవ్వకమునకు ముందు, నిలువుగా ఒక గొట్టము దింపి మట్టిపొరలను చెదరనీయక తీసి దాచియుండిన నెంత బాగుండెడిది! తాళపత్రగ్రంథమును పొయ్యిలో వేయుటకు ముందు ఒక ప్రతి వ్రాసికొందమని మనము కోరము గదా, వేయవద్దనియే కోరుదుము. ఇచ్చట అంత కూడ కోరుటలేదు.

ఈ పనికి దిగువారు ఒక ప్రమాణవిషయమును మనస్సున నుంచుకొనవలెను. చిప్పలు సున్నపువి యగుటచే పులుపు హెచ్చిన బురదలో కరిగిపోవును. మొక్కలు క్రుళ్లి నల్లనైన పూడికలో చిప్పలు లేకున్నచో ప్రాణులు లేకుండెనని నిర్ణయింపరాదు. యోగ్యమైన వస్తువు కనబడకున్న నాడే అనుపలబ్ధి ప్రమాణమగునని మీమాంసకులు చెప్పినది ఇచ్చటికి సరిగా చెల్లును. సున్నపు గులకలు గల నేలలందలి చెరువులు, నల్లరేగడి సీమ చెరువులు ముందు పరీక్షింపదగినవి. పాకాల, లక్నవరమువంటి పెద్ద తటాకములలో వాగులు మన్ను తెచ్చి పడవేయు మూలలను విడిచి, కట్టకు దూరముగా లోతైన నడుమభాగమున గొట్టము దింపుట మేలు. తీసిన మట్టికడ్డీని నిలువుగా రెండుగా చీల్చి, ఒక సగమును తాకక చల్లని గదిలో నుంచి, రెండవ సగమును అంగుళమంగుళముగా కోసి, ప్రతి ముక్కపై లోతును వ్రాసి, ఆ పిమ్మటనే నీట నానవేయవలెను.